స్మోక్ డిటెక్టర్ మీది షవర్ క్యాప్

పర్సిస్ చర్చి వంటగది బయట నడవాలో నిచ్చెన నాలుగో మెట్టు మీద నిలబడి, స్మోక్ డిటెక్టర్‌ని ఎడమచేత్తో అదిమి పట్టుకుని, దానికి తొడిగిన షవర్ క్యాప్ అంచు కిందికి కుడిచేతి వేలు దూర్చింది. హోటల్ గదుల్లో ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ క్యాప్ అది. జారిపోకుండా దాని చుట్టూ జడకి పెట్టుకునే ఊదారంగు బ్యాండు రెండు చుట్లు చుట్టి ఉంది. ప్లాస్టిక్ మీద పేరుకున్న నూనె వేలికి జిగురుగా తగిలింది. ఆమె బ్యాండు లాగి, క్యాప్ ఊడదీసింది. డిటెక్టర్‌ని ఎడమవైపుకి తిప్పి విడిపించి వెనక తేదీ చూసింది. పదకొండేళ్ళ నాటిది. పదేళ్ళకి మార్చాలని దాని మీదే ఉంది.

కింద నిచ్చెన పట్టుకుని ఉన్నది గోర్డన్. డెబ్బై ఆరేళ్ళ మనిషి. మిషిగన్‌లో ట్రాయ్ ఊరి అంచున ఉన్న ఈ చర్చి భవనం ఒక పాత అమెరికన్ సంఘానిది. ఆయన దానికి ట్రస్టీ. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వాళ్ళ ఆరాధన, పదిన్నరకి తెలుగువాళ్ళది, రెండింటికి కాంగో నుంచి వచ్చినవాళ్ళది. సంఘాలు మూడు, వంటగది ఒకటి. భవనంలో ఏది పాడైనా గోర్డన్ ముందు పర్సిస్‌కే ఫోన్ చేస్తాడు. ఆమె పనిముట్లు తెచ్చుకుంటుంది, పని చేసి వెళ్ళిపోతుంది, ఎక్కువ మాట్లాడదు.

"మొన్న బుధవారం ఫైర్ ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ఆ కాంగో వాళ్ళ వంటావిడ ఒక్కతే ఉంది. చేపలు వేపుతోంది," అన్నాడు గోర్డన్. "ఈ టోపీ దీని మీదే ఉంది. ఇదేమిటని అడిగితే ఆవిడకి ఇంగ్లిష్‌లో జవాబు రాదు. ఇంకేం చెప్పాలి? మీ వాళ్ళని నేనేమీ అనడం లేదు సుమా."

పర్సిస్ డిటెక్టర్‌ని ఆయన చేతికి అందించింది. క్యాప్‌నీ బ్యాండునీ మడిచి కోటు జేబులో పెట్టుకుంది. ఏమీ అనలేదు. ఎందుకంటే ఆ బ్యాండు ఆమె కూతురిది. ఆ క్యాప్ తొడిగింది పర్సిసే.

రెండేళ్ళ కిందట క్రిస్మస్ విందుకి నూట నలభై మందికి పులిహోర కలుపుతున్నారు. తాలింపులో ఎండుమిర్చి మాడింది. అలారం మోగింది. పాస్టర్‌గారి ప్రసంగం మధ్యలో ఫైరింజన్ వచ్చి వాకిట్లో ఆగింది. పిల్లలకి సరదా, పెద్దలకి తలవంపులు. తరవాతి ఆదివారం పర్సిస్ ఇంటి నుంచి షవర్ క్యాప్ తెచ్చి, తాలింపు పెట్టేముందు తొడిగి, వంట అయ్యాక తీసేసింది. ఆమెకి అది తప్పనిపించలేదు. ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో కొందరు పాలిథిన్ కవర్ కడతారు, కొందరు బ్యాటరీ పీకుతారు, కొందరు పిల్లల చేత తువ్వాలుతో విసిరిస్తారు. కొన్నాళ్ళకి ప్రతివారం నిచ్చెన ఈడవడం ఎందుకని క్యాప్ అలాగే వదిలేసింది.

పర్సిస్‌కి నలభై ఏడేళ్ళు. పుట్టింది నర్సాపురం దగ్గర. తండ్రి చేపల పడవల డీజిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. స్పానర్ల నంబర్లు ఆమెకి ఎక్కాల కంటే ముందు వచ్చాయి. భర్త జోనాథన్ ఉద్యోగంతో మిషిగన్ వచ్చి ఇరవై ఒక్కేళ్ళయింది. మొదట్లో ఆమెకి పని చేసే అనుమతి లేదు. అది వచ్చాక ఒక కారు విడిభాగాల ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌లో చేరింది. పక్క గదిలో గేజ్‌లు సరిచూసేవాళ్ళని భోజనం వేళల్లో నిలబడి గమనించి, ఆ పని నేర్చుకుని, ఆ గదికే మారింది. ఇప్పుడు ఆ గది ఆమెదే. కొలిచే పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూడటం ఆమె ఉద్యోగం.

వారం తిరగకుండా ట్రస్టీల నుంచి ఉత్తరం వచ్చింది. కాంగో సంఘం ఇకమీదట వంటగది వాడకూడదు. తెలుగు సంఘం జూన్ దాకా వాడుకోవచ్చు. ఆ తరవాత కూడా కావాలంటే, ఫైర్ సేఫ్టీ కోర్సు పూర్తిచేసినవాళ్ళు ఒకరు వంటగదికి బాధ్యత తీసుకుంటూ సంతకం పెట్టాలి.

ఆదివారం ఆరాధన అయ్యాక పర్సిస్ ప్లేట్లు సర్దుతుంటే కిచెన్ కమిటీ పెద్ద అబ్రహాం ఆ కాగితం పట్టుకుని వచ్చాడు.

"వందనాలమ్మా. లెటర్ చూశావా? మనకి ప్రాబ్లం ఏం లేదు. కోర్సు ఒకటి చేసేస్తే లైన్ క్లియర్."

"వాళ్ళకి కిచెన్ పోయింది కదన్నయ్యా."

"పాపం. వాళ్ళ కోసం ప్రేయర్ చేద్దాం."

"క్యాప్ పెట్టింది నేను."

అబ్రహాం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వాళ్ళే పెట్టారని మనం చెప్పామా? చెప్పలేదు. ఎవరు పెట్టారని మనల్ని అడిగారా? అడగలేదు. మరి నువ్వు వెళ్ళి చెప్పేదేంటి? కోర్సు సంగతి చూడు. నీది పనితనం ఉన్న చెయ్యి. నాకైతే ఆ నిచ్చెనలూ అవీ ఎక్కే వయసు దాటిపోయింది."

"మీకూ నాకూ మూడేళ్ళే తేడా."

"వయసుదేముందమ్మా, మోకాళ్ళు వేరు కదా!"

అప్పటికి రెండు కావస్తోంది. పార్కింగ్‌లో కాంగో వాళ్ళ కార్లు ఆగుతున్నాయి. వాళ్ళ వంటావిడ క్లెమెంతీన్, యాభై దాటిన పొడవాటి మనిషి, కారు డిక్కీలోంచి రేకు ట్రేలు దింపుతోంది. బయట మంచు. ఎవరి అపార్ట్‌మెంట్‌లోనో పొద్దున వండింది ఆరాధన ముగిసి సాయంత్రమయ్యేదాకా ఆ ట్రేల్లో చల్లారుతుంది. వాళ్ళ సంఘంలో ముసలివాళ్ళు ఎక్కువ. వారంలో వాళ్ళందరూ కలిసి కూర్చుని తినే వేడి భోజనం ఇదొక్కటే. పర్సిస్ వెళ్ళి ఒక ట్రే అందుకుంది. క్లెమెంతీన్ నవ్వి, "మెర్సీ, మామాన్," అని ఫ్రెంచ్‌లో థాంక్స్ చెప్పింది. పర్సిస్ చెప్పవలసింది ఇంగ్లిష్‌లో చెబితే ఆమెకి అర్థం కాదు. ఇంకొకరిని మధ్యలో పెట్టి చెప్పే మాట కాదు.

ఆ వారమే కమ్యూనిటీ కాలేజీ వెబ్‌సైట్‌లో ఫైర్‌ఫైటింగ్ మొదటి కోర్సుకి పేరు ఇచ్చింది. మంగళ, గురువారాల సాయంత్రాలు, కొన్ని శనివారాలు మైదానంలో. అదే పేజీలో ఫ్రెంచ్ మొదటి కోర్సు సోమ, బుధవారాలని కనిపించింది. దానికీ ఇచ్చింది.

"నలభై ఏడేళ్ళకి ఫైరింజన్ ఎక్కుతావా?" అన్నాడు జోనాథన్. "పోనీ ఫ్రెంచ్ ఎందుకు? మంటలకి ఇంగ్లిష్ రాదా?"

"నాలుగు రోజులు అన్నం నువ్వు వండు. శుక్రవారం నేను వండుతాను."

"అంటే నాలుగు రోజులూ పిజ్జా!" అని చప్పట్లు కొట్టింది కూతురు ప్రిస్సిల్లా. పదిహేడేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది.

ఫైర్ క్లాసులో ఇరవై ఇద్దరు. పర్సిస్ తరవాత పెద్దవాడికి ఇరవై తొమ్మిదేళ్ళు. నేర్పేవాడు రూడీ అనే రిటైరైన ఫైర్ కెప్టెన్. మొదటి శనివారం మైదానంలో నీళ్ళు కొట్టే హోస్ గొట్టాలు కలపడం నేర్పాడు. కుర్రాళ్ళు బలంగా తిప్పి మరలు అడ్డంగా ఎక్కించేశారు. పర్సిస్ గొట్టం చివరి కప్లింగ్‌ని ముందు వెనక్కి పావు చుట్టు తిప్పి, మర పట్టు దొరికిన చిన్న కదలిక తెలిశాకే ముందుకి తిప్పింది. రూడీ చూసి, "ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాడు. "పడవల దగ్గర," అంది.

అన్నీ అంత సులువుగా రాలేదు. కోటు, బూట్లు, గాలి సిలిండర్ కలిపి ఆమె బరువులో సగం దాకా ఉండేవి. అన్నీ ఒక్క నిమిషంలో తొడుక్కోవాలి. ఆమెకి మొదట రెండున్నర నిమిషాలు పట్టింది. పొడుగు జడ ముసుగులో ఇమిడేది కాదు. ముఖం మీది మాస్క్ రెండు వారాలు గాలి వదిలేస్తూనే ఉంది. పట్టీలు బిగించింది, మాస్క్ మార్చింది, లాభం లేకపోయింది. చివరికి రూడీ ఆమె చెంప మీద వేలు పెట్టి చూసి, "ఏం రాస్తావు దీనికి?" అన్నాడు.

కొబ్బరినూనె. మిషిగన్ చలికి చర్మం పగలకుండా ఇరవై ఏళ్ళుగా పొద్దునా సాయంత్రం రాస్తోంది. రబ్బరు అంచు దాని మీద జారుతోంది. ఆరోజు సబ్బుతో కడుక్కుని వస్తే మాస్క్ అతుక్కుపోయింది. అప్పటినుంచి క్లాసు రోజుల్లో నూనె రాయడం మానేసింది. చెంపలు పగిలాయి.

నాలుగో వారం రూడీ అలారాల గురించి చెప్పాడు. "ఎక్కడికి వెళ్ళినా మూసేసిన డిటెక్టర్లు కనిపిస్తాయి. ఎవరు మూశారని అడగకండి. ఎందుకు మూశారని అడగండి. ఊరికే మోగేదాన్నే మూస్తారు. ఊరికే మోగుతోందంటే అది ఉండకూడని చోటైనా ఉండాలి, పొగ పోవలసిన దారినైనా పోకుండా ఉండాలి."

పర్సిస్ ఆ మాట పుస్తకంలో రాసుకుంది. ఫ్యాక్టరీలో ఎవరైనా గేజ్ తప్పు చూపిస్తోందని దాని మీద గుడ్డ కప్పితే ఆ మనిషిని తనే తిట్టేది. ఇక్కడ ఆ పని తనే చేసింది. రెండేళ్ళలో ఒక్కసారి కూడా కారణం వెతకలేదు.

ఫ్రెంచ్ క్లాసు వేరే రకం. అక్కడ బలం అక్కర్లేదు, సిగ్గు విడవాలి. నీ పేరేమిటి, నాకు ఇద్దరు అక్కలు, ఇది బల్ల, అది తలుపు. టీచరు ఒక్కొక్కరినీ లేపి మాట్లాడించేది. ఇంట్లో ప్రిస్సిల్లా వింటూ కూర్చునేది.

"అమ్మా, నీ ఆర్ చాలా హార్డ్‌గా ఉంది. గొంతులోంచి రావాలి."

"నువ్వు చదివింది స్పానిష్ కదే."

"అయినా నాకు తెలుసు. నువ్వు లారీ స్టార్ట్ చేసినట్టు అంటున్నావు."

ఆరో వారం పర్సిస్ టీచరుని క్లాసయ్యాక ఆపి, నాలుగు వాక్యాలు కాగితం మీద రాయించుకుంది. కారులో వెళ్తూ వస్తూ వాటినే అనుకుంది. మార్చి మొదటి ఆదివారం మధ్యాహ్నం క్లెమెంతీన్ ట్రేలు దింపుతుంటే దగ్గరికి వెళ్ళి, జేబులోంచి షవర్ క్యాప్ తీసి చూపించింది.

"సె మ్వా," అంది. నేనే. తరవాత మిగతా మూడు వాక్యాలూ చెప్పింది. ఈ టోపీ నాది. తప్పు నాది. క్షమించండి.

క్లెమెంతీన్ ట్రే కిందపెట్టి క్యాప్ తీసుకుంది. తిప్పి చూసింది. తిరిగి ఇచ్చేసింది. తరవాత ఆమె మాట్లాడింది ఫ్రెంచ్‌లో, మెల్లగా, మధ్యమధ్య తనకి వచ్చిన ఇంగ్లిష్ ముక్కలు కలిపి, చేతులతో చూపిస్తూ. పర్సిస్‌కి చాలావరకు అర్థమైంది.

"పెట్టింది నేను కాదని నాకు ముందే తెలుసు. నాకెందుకు చెబుతున్నావు? ఆరు వారాలుగా మా ముసలాళ్ళు చల్లటి కూడు తింటున్నారు. చెప్పేదేదో గోర్డన్‌కి చెప్పు. ఆయనకి చెప్పడానికి ఫ్రెంచ్ కూడా అక్కర్లేదు."

పర్సిస్ గోర్డన్‌తో ఆ మాట నిచ్చెన మీద నిలబడ్డ రోజే చెప్పి ఉండవలసింది. ట్రే అందుకోబోతే క్లెమెంతీన్ దాన్ని పక్కకి జరిపి తనే పట్టుకుపోయింది.

చెబితే ఏమవుతుందో పర్సిస్‌కి తెలుసు. వంటగది తెలుగువాళ్ళకీ పోవచ్చు. జూన్‌లో అద్దె ఒప్పందం ముగిశాక భవనమే పోవచ్చు. అందుకని ముందు పాస్టర్‌గారింటికి వెళ్ళి జరిగింది చెప్పింది. అబ్రహాం కూడా అక్కడే ఉన్నాడు.

"సిస్టర్, తొందరపడకు," అన్నాడు అబ్రహాం. "జూన్‌లో రెన్యూవల్ అయిపోనీ. అప్పుడు చెబుదువుగాని."

"జూన్ దాకా వాళ్ళు చల్లటి కూడు తినాలా?"

"అది కాదమ్మా, నూట యాభై మంది సంఘం..."

పాస్టర్‌గారు అంతా విని, "నువ్వు చెప్పడానికే వచ్చావు, అడగడానికి రాలేదు. అంతే కదా?" అన్నారు.

"అంతేనండి అయ్యగారు. ముందు మీకు తెలియాలని వచ్చాను."

"వెళ్ళి చెప్పమ్మా. నేనూ వస్తాను."

"నేను వెళ్తానండి. పెట్టింది నేనే కదా."

గోర్డన్ తన ఇంటి గరాజ్‌లో రంపం పదును పెడుతున్నాడు. పర్సిస్ క్యాప్‌నీ బ్యాండునీ బల్ల మీద పెట్టి, ఎప్పుడు పెట్టిందో, ఎందుకు పెట్టిందో, నిచ్చెన మీద ఎందుకు ఊరుకుందో చెప్పింది. చివరిది చెప్పడానికి ఎక్కువసేపు పట్టింది. ఆయన రంపం పక్కన పెట్టాడు.

"నేను ఆవిడని అనవలసింది కాదు," అన్నాడు. "కానీ ట్రస్టీలు ఏమంటారో చెప్పలేను."

ట్రస్టీలు వంటగదికి తాళం వేశారు. ఇద్దరికీ కలిపి. మే మొదటివారంలో ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వచ్చి చూస్తాడు, అప్పుడు సరిగ్గా ఉంటే రెండు సంఘాలకీ తెరుస్తారు, లేకపోతే ఎవరికీ లేదు. భవనం సంగతి అప్పుడే మాట్లాడదామన్నారు.

అప్పటినుంచి తెలుగు సంఘంలో ఆదివారం భోజనం లేదు. ఆరాధన అయ్యాక టీ, బిస్కెట్లు. ఎదురుగా ఎవరూ ఏమీ అనేవారు కాదు. పక్కనుంచి వినపడేలా అనేవారు.

"ఫైరింజన్ సిస్టర్ వచ్చింది. బిస్కెట్ కాలుతుందేమో చూడండి."

"పులిహోర తిని ఎన్నాళ్ళయిందోయ్?"

"ఫ్రెంచ్‌లో అడుగు, పెడతారేమో."

అబ్రహాం ఒక్కడే నేరుగా అన్నాడు. "నేను చెప్పానా లేదా?"

"చెప్పారన్నయ్యా. శనివారం నిచ్చెన పట్టుకోడానికి ఒక మనిషి కావాలి. కింద నిలబడితే చాలు, మోకాళ్ళతో పని లేదు."

ఆ శనివారం గోర్డన్ తాళం తీశాడు. పర్సిస్ పొయ్యి మీద పొగ లాగే హుడ్ ఫ్యాన్ స్విచ్ వేసింది. పైన మోటారు గుర్రుమంది. ఆమె టిష్యూ కాగితం ఒకటి తీసి హుడ్ జల్లెడకి ఆనించి వదిలింది. ఫ్యాన్ లాగుతుంటే కాగితం అతుక్కోవాలి. అది నేరుగా పొయ్యి మీద పడింది. ఇంకోటి పెట్టింది. అదీ పడింది.

"మోటారు తిరుగుతోంది కదా," అన్నాడు గోర్డన్.

"మోటారు తిరుగుతోంది. ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి."

ఫ్యాన్ ఉన్నది చర్చి పైకప్పు మీద రేకు పెట్టెలో. స్విచ్ ఆపి, ఎవరూ వేయకుండా దానికి తాళం పెట్టి, పర్సిస్ నిచ్చెన ఎక్కింది. క్లాసులో నేర్పినట్టు మూడు మెట్లు పైకప్పు అంచు దాటి ఉండేలా వేసుకుంది. కింద అబ్రహాం రెండు చేతులా నిచ్చెన పట్టుకుని మెల్లగా ప్రార్థన చేస్తున్నాడు. పెట్టె మూత తీస్తే మోటారుకీ ఫ్యాన్‌కీ మధ్య బెల్టు లేదు. తెగి అడుగున పడి ఉంది. దాని మీద కనీసం రెండు శరదృతువుల ఆకులు కుళ్ళి ఉన్నాయి.

రెండేళ్ళుగా స్విచ్ వేస్తే శబ్దం వస్తోంది, పొగ మాత్రం పైకి పోవడం లేదు. అది వంటగది తలుపులోంచి నడవాలోకి వచ్చేది. తలుపుకి ఆరడుగుల దూరంలోనే డిటెక్టర్. తాలింపు పెట్టినా మోగేది, చేపలు వేపినా మోగేది. ఆమె బెల్టు ముక్క తెచ్చి గోర్డన్ చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని వేళ్ళ మధ్య వంచి చూశాడు. పగుళ్ళు కనిపించాయి. "ఏడాదికోసారి చూడవలసింది నేను," అన్నాడు. "శబ్దం వింటే చాలనుకున్నాను."

ఏప్రిల్ అంతా పని. ఫ్యాన్ బెల్టు లైసెన్సు ఉన్న మెకానిక్ వేశాడు. పక్కన నిలబడి బిగువు ఎంత ఉండాలో పర్సిస్ నేర్చుకుంది. హుడ్ జల్లెడలు ఊడదీసి సోడా నీళ్ళలో నానబెట్టి తోమితే మూడుసార్లు నీళ్ళు నల్లగా వచ్చాయి. అలారం కంపెనీ వాళ్ళు నడవాలో కొత్త స్మోక్ డిటెక్టర్‌ని దూరంగా, మెట్ల దగ్గరికి మార్చి, వంటగది లోపల పొగకి కాక వేడికి మోగే రకం పెట్టారు. ఎక్కడ పెట్టాలో పర్సిస్ ముందే కొలిచి గీసిన కాగితం రూడీకి చూపించింది. ఆయన ఒక కొలత సరిదిద్దాడు. నెలాఖరుకి కోర్సు అయిపోయింది. చివరి పరీక్షలో కోటూ సిలిండరూ యాభై ఎనిమిది సెకన్లలో తొడిగింది.

మిగిలింది మనుషులకి నేర్పడం. రెండు సంఘాల నుంచీ ఆరుగురు చొప్పున రావాలని గోర్డన్ కబురు పెట్టాడు. క్లెమెంతీన్ తనవాళ్ళతో వచ్చి, చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడింది. పర్సిస్ ముందు తెలుగులో, తరవాత ఫ్రెంచ్‌లో చెప్పింది. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి. మూకుడు కదపకండి. గ్యాస్ కట్టండి. మూత పక్కనుంచి జరిపి మూయండి. చల్లారేదాకా మూత తీయకండి. తెలుగు ఆడవాళ్ళు తలలూపారు. కాంగో అమ్మాయిలు ఇద్దరు ఫ్రెంచ్ విని ముసిముసిగా నవ్వారు. పర్సిస్ ఆగిపోయింది.

క్లెమెంతీన్ గోడ దగ్గర్నుంచి కదిలి ముందుకి వచ్చింది. "ఆగకు. నవ్వినా గుర్తుంటుంది కదా," అంది. పర్సిస్ చేతిలోంచి మూత తీసుకుని, తనే మూకుడు మీదికి జరిపి చూపించి, ఆ అమ్మాయిలిద్దరి చేతా చెరి మూడుసార్లు చేయించింది. తరవాత తెలుగువాళ్ళ వైపు తిరిగి ఒక్కొక్కరినీ వేలితో పిలిచింది. మొదట పిలిచింది అబ్రహాంని.

"నేనా? నేను కమిటీ," అన్నాడు అబ్రహాం.

క్లెమెంతీన్ మూత ఆయన చేతిలో పెట్టింది.

మే మొదటి బుధవారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చిన్నవాడు, మాట తక్కువ. డిటెక్టర్లు, అగ్నిమాపక సిలిండర్లు, దారులు, పర్సిస్ సర్టిఫికెట్ అన్నీ చూశాడు. "కాగితం మీద బాగానే ఉంది," అన్నాడు. "నిజంగా వండితే మోగదని ఎలా తెలుసు?"

"వండుతాం," అంది పర్సిస్.

రెండు పొయ్యిలు వెలిగించి ఫ్యాన్ వేశారు. ఒకదాని మీద క్లెమెంతీన్ పామాయిల్ కాచి, మసాలా పట్టించిన చేప ముక్కలు వేసింది. ఇంకోదాని మీద పర్సిస్ నూట నలభై మంది పులిహోరకి సరిపడా నూనె పోసింది. ఆవాలు చిటపటలాడాక శనగపప్పు, మినప్పప్పు, తరవాత ఎండుమిర్చి రెండు గుప్పెళ్ళు వేసింది. కావాలనే మిర్చి కొంచెం నల్లబడనిచ్చింది. కరివేపాకు పడగానే పొగ ఒక్కసారిగా లేచింది. గోర్డన్ నడవాలో డిటెక్టర్ కింద నిలబడి పైకి చూస్తున్నాడు. అబ్రహాం ఆయన పక్కన కళ్ళు మూసుకుని ఉన్నాడు. పొగ నిటారుగా లేచి జల్లెడలోకి పోయింది.

ఐదు నిమిషాలు గడిచాయి. చేపలు రెండోవైపు తిప్పారు. ఏదీ మోగలేదు. ఇన్‌స్పెక్టర్ ఒక్క తుమ్ము తుమ్మి, కాగితం మీద సంతకం పెట్టి గోర్డన్‌కి ఇచ్చాడు. "రెండు సంఘాలకీ తెరవచ్చు," అన్నాడు. గోర్డన్ ఆ కాగితం చదివి, క్లెమెంతీన్ ఎదురుగా వెళ్ళి తన తలమీది టోపీ తీసి, "అమ్మా, నేను పొరబడ్డాను," అన్నాడు. ఆ మాట పర్సిస్ ఫ్రెంచ్‌లో చెప్పబోతే, అర్థమైందన్నట్టు క్లెమెంతీన్ చెయ్యెత్తి ఆపింది. ఒక చేప ముక్క కాగితంలో పెట్టి ఆయనకి ఇచ్చింది.

క్లెమెంతీన్ తప్ప అందరూ వెళ్ళాక పర్సిస్ అలమారలోంచి నల్ల అట్ట ఫైలు తెచ్చింది. అందులో నెలకో పేజీ. జల్లెడలు కడిగిన తేదీ, ఫ్యాన్ లాగుతోందా, సిలిండర్ ముల్లు పచ్చగీతలో ఉందా, రెండు డిటెక్టర్లూ మీట నొక్కితే మోగుతున్నాయా. పదకొండు వరసలు, ఒక్కొక్కటీ తెలుగులో, ఫ్రెంచ్‌లో, ఇంగ్లిష్‌లో. ఒక నెల తెలుగువాళ్ళు, ఒక నెల కాంగో వాళ్ళు. ట్రస్టీల కాగితంలో బాధ్యుల చోట తన పేరుతోపాటు క్లెమెంతీన్ పేరు కూడా ఉండేలా గోర్డన్‌తో మాట్లాడి రాయించింది.

"మే నెల మీది," అంది.

క్లెమెంతీన్ ఫైలు తీసుకుని పేజీ మొత్తం చదివింది. పెన్ను అడిగింది. నడవాలోకి వెళ్ళి కర్రతో డిటెక్టర్ మీట నొక్కింది. అది మోగాక ఆ వరసలో గీత కొట్టింది. సిలిండర్ దగ్గర వంగి ముల్లు చూసింది, జల్లెడల మీద వేలు రాసి చూసుకుంది, పదకొండూ పూర్తిచేసింది. కింద తన పేరు పూర్తిగా రాసి, తేదీ వేసి, ఫైలు మూసి చంకలో పెట్టుకుంది.